రెండో ర్యామ్‌కి పెట్టిన పసుపు బొట్టు

నా ముప్పయ్యేళ్ల రిపేరు జీవితంలో ఒక సామెత వాడడం పూర్తిగా మానేశాను. "ఆడలేక మద్దెల ఓడు" అనేదాన్ని. మా ఇంట్లో ఎవరి నోటి నుంచైనా అది వినబడితే, నేను వేళ్లు వాసన చూసుకుంటాను. మా ఆవిడకి అదేమిటో తెలుసు కాబట్టి నవ్వుతుంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలకి తెలియదు. వాళ్లు అడిగినప్పుడల్లా సగం సగం చెబుతూ వచ్చాను. ఇప్పుడు పని మానేసి, మధ్యాహ్నాలు ఏం చెయ్యాలో తోచక కూర్చున్నాను కాబట్టి మొత్తం రాసి పెడుతున్నాను. మీకు పనికొస్తే చదవండి, లేదంటే నవ్వుకోండి.

మొదట్లో నేను రేడియోలు, టీవీలు బాగుచేసేవాణ్ని. రెండు వేల సంవత్సరం దాటాక అనకాపల్లిలో టీవీ విప్పేవాడి కంటే కంప్యూటర్ విప్పేవాడికి గిరాకీ పెరిగింది. బెల్లం మార్కెట్‌కి వెళ్లే రోడ్డులో ఒక కంప్యూటర్ షాపులో పెద్ద మెకానిక్‌గా చేరాను. విడి సామాన్లు విశాఖ నుంచి తెప్పించి, సిస్టమ్ బిగించి ఇవ్వడం మా పని. నేను బిగించింది మళ్లీ షాపు మెట్లెక్కదని ఊళ్లో పేరుండేది. పేరు వచ్చినవాడికి పట్టే జబ్బులన్నీ నాకూ పట్టాయి. ఎవరైనా "సిస్టమ్ బాలేదు" అంటే ముందు ఆ మనిషిలోనే తప్పు వెతికేవాణ్ని.

నాతో పాటు బిగింపు బల్ల దగ్గర ఇంకొకావిడ పనిచేసేది. ముప్పయ్యేళ్లు దాటిన మనిషి, ఏటికొప్పాక కోడలు. పెళ్లయిన దగ్గర్నుంచి అత్తగారింట్లో లక్క బొమ్మలకి రంగులు వేసింది. తర్వాత ఎందుకో హార్డ్‌వేర్ కోర్సు మీద మనసుపడి, రోజూ బస్సులో అనకాపల్లి వచ్చి నేర్చుకుంది. ఆవిడ మా షాపులో చేరిన రోజున "బొమ్మలు చేసుకునేవాళ్లకి ఇక్కడేం పని" అని నేను మా ఓనర్‌తో అన్నాను, ఆవిడకి వినబడేట్టుగానే. ఆవిడ సాయంత్రానికి నా బల్ల మీద ఒక గిన్నె పెట్టింది. ఆ వారంలో నేను సిస్టమ్‌లలో బిగించకుండా వదిలేసిన స్క్రూలన్నీ అందులో ఉన్నాయి. ఏ స్క్రూ ఏ సిస్టమ్‌దో చీటీలు కూడా రాసింది.

అలాంటి మనిషి. మాట్లాడే ముందు ముట్టుకుని చూసేది, ముట్టుకునే ముందు కళ్లతో చూసేది. నాది సరిగ్గా తిరగేసిన పద్ధతి.

ఆ ఏడు దసరాకి మాకు పెద్ద ఆర్డరు వచ్చింది. ఒకాయన గేమ్స్ సెంటర్ పెడుతున్నాడు, పది సిస్టమ్‌లు కావాలన్నాడు. నా ఈడువాడే, నన్ను బావా అని పిలిచేవాడు. వాళ్ల నాన్న జీవితమంతా బెల్లం మార్కెట్‌లో తూకం వేశాడు. ఆయన తూకం వేస్తే రైతూ మాట్లాడేవాడు కాదు, వ్యాపారీ మాట్లాడేవాడు కాదు. ఆ ఇంటికి ఉన్న ఆస్తి ఆ మాటే. కొడుక్కి బెల్లం కంటే కంప్యూటర్ మీద మోజు. సెంటర్‌లో అయిదుగురు ఒకవైపు, అయిదుగురు ఇంకోవైపు కూర్చుని తుపాకుల ఆట ఆడేలా, పదీ ఒకే రకంగా ఉండాలని పట్టుబట్టాడు.

"ఒకటెక్కువ, ఒకటి తక్కువ ఉండకూడదు బావా. ఆటంటే తూకం లాంటిదే."

"కవల పిల్లల్లా ఉంటాయి, చూసుకో" అన్నాను.

ర్యామ్ సంగతి ఆయనకి నేనే బోధించాను. ఇప్పటి పిల్లలకి ఇది చెబితే తాతకి దగ్గులు నేర్పినట్టు ఉంటుంది, అయినా కథకి అవసరం. వంటింట్లో గట్టు ఉంటుంది, పైన అటక ఉంటుంది. గట్టు వెడల్పుగా ఉంటే ఉప్పూ పప్పూ అన్నీ చేతికందేలా పెట్టుకుని వంట చకచకా చేస్తారు. గట్టు చిన్నదైతే ప్రతి దానికీ నిచ్చెనేసుకుని అటకెక్కాలి. ర్యామ్ ఆ గట్టు, హార్డ్ డిస్క్ ఆ అటక. పైగా ఆ సిస్టమ్‌లలో బొమ్మ చూపించడానికి వేరే కార్డు లేదు. మదర్‌బోర్డులో ఉన్న గ్రాఫిక్స్ కూడా ఆ గట్టు మీదే కొంత చోటు ఆక్రమించుకుంటుంది. ఉత్తరాలు టైపు చేసుకునేవాడికి రెండు వందల యాభై ఆరు ఎమ్‌బీ సరిపోతుంది గానీ, ఆటలకి చాలదు. అందుకని ఒక్కో సిస్టమ్‌కి రెండేసి ర్యామ్ పలకలు, మేం స్టిక్‌లంటాం, వేద్దామని నేనే ఒప్పించాను.

మొదటి స్టిక్‌లు ముందే వచ్చాయి. వాటితో పదీ బిగించి, నడిపి చూసుకున్నాం. రెండో విడత విశాఖ నుంచి సరిగ్గా విజయదశమి ఉదయం బస్సు పార్సిల్‌లో దిగింది. ఆయన మంచి ముహూర్తానికి సిస్టమ్‌లు సెంటర్‌లో అడుగుపెట్టాలన్నాడు. ఇక్కడ షాపులో ఆయుధ పూజ. స్క్రూడ్రైవర్లు, మీటర్లు, సోల్డరింగ్ ఐరన్ అన్నీ కడిగి బొట్లు పెట్టాం. పది సీపీయూ డబ్బాల మూతలు తీసి వరసగా పెట్టాను. ఒక గిన్నెలో పసుపు ముద్ద, ఒక గిన్నెలో కుంకుమ. కొత్తగా వచ్చిన పది స్టిక్‌లూ పళ్లెంలో పేర్చుకుని, ఒక్కోదానికి వేలితో పసుపు అద్ది, బొట్టు పెట్టి, సిస్టమ్‌లో గుచ్చడం మొదలెట్టాను.

ఆవిడ ఒక్కసారే అంది. "లోపలెందుకు మాస్టారూ? పైన డబ్బాకి పెడితే సాలదేటి?"

"అమ్మా, మీ ఊళ్లో బొమ్మకి రంగు ఎక్కడేత్తారో నేనడిగేనా? పూజ దగ్గర నాకు పాఠాలు సెప్పకు" అన్నాను. నాకు కోపం వస్తే నా యాస నాకు వచ్చేస్తుంది.

చివరి స్టిక్‌లకి వచ్చేసరికి పసుపు పలచబడింది, నాకు తొందర ఎక్కువైంది. మూతలు బిగించి అన్నీ ఆన్ చేశాం. తెర మీద షాపు పేరు, కింద అమ్మవారి బొమ్మ వెలిగాయి. ఆ బొమ్మ కూడా నా పనితనమే. సిస్టమ్ ఆన్ కాగానే మామూలుగా నల్లటి తెర మీద ఏవో అక్షరాలు, అంకెలు పరిగెడతాయి. అవి కళగా లేవని, వాటిని కప్పేసేలా ఆ బొమ్మ తయారుచేసి, మా షాపు సిస్టమ్‌లన్నిటి బోర్డుల్లోనూ ఎక్కించేవాణ్ని. పది తెరల మీద పది అమ్మవార్లు కనబడేసరికి అందరం చేతులు జోడించాం. కొబ్బరికాయ కొట్టి, వ్యాన్‌లో ఎక్కించేశాం. ఆ తర్వాత చూడాల్సింది ఏదీ నేను చూడలేదు.

నెల తిరిగింది. సెంటర్ బాగానే నడుస్తోంది. నర్సీపట్నం కుర్రాళ్లు అయిదుగురు మన ఊరి జట్టుతో పోటీకి వచ్చారు. పాపం, ఘోరంగా ఓడారు. ఓడి, బయట రోడ్డు మీద నిలబడి గొడవ మొదలెట్టారు. ఆ సమయానికి నేను అక్కడే ఉన్నాను, కరెంటు పాయింట్ ఒకటి చూడ్డానికి వెళ్లి.

వాళ్ల నాయకుడు, సన్నగా పొడుగ్గా ఉన్న డిగ్రీ కుర్రాడు, సెంటర్ ఆయన మొహం మీదే అన్నాడు. "గన్ను పేల్చే టైముకి స్ట్రక్ అయిపోతంది. తెర కదిలేసరికి మేం సచ్చుంటన్నాం. మీ వోళ్లవి మాత్రం బేగా నడుత్తన్నాయి. కావాలనే మాకు పాడు సిస్టమ్‌లిచ్చేరు. ఇది దొంగాట."

వాళ్లు కూర్చున్నది కిటికీ వైపు వరసలో. ఆ వరసలో తప్పుందేమో చూద్దామన్న ఆలోచనే నాకు రాలేదు. అందరూ వినేలా అన్నాను. "ఆడలేక మద్దెల ఓడు అన్నాడంట ఎనకటికొకడు. నేను బిగించినవి బాబూ అవి. ఇంటికెళ్లి ఆట నేర్చుకు రండి."

మన ఊరివాళ్లు పగలబడి నవ్వారు. నర్సీపట్నం వాళ్లు తలవంచుకుని బస్టాండ్ వైపు నడిచారు. సెంటర్ ఆయన మాత్రం నవ్వలేదు. నన్ను పక్కకి తీసుకెళ్లి చెయ్యి పట్టుకున్నాడు.

"ఏటి బావా ఇది? మా నాన్న తూకం మీద ఒక్క మనిసి ఏలెట్టి సూపించలేదు. ఇయ్యేల నడిరోడ్డు మీద నన్ను దొంగన్నారు. మళ్లీ ఆదివారం ఆళ్లని రమ్మని కబురెడతాను, ఆళ్ల ముందే తేలాలి. అప్పుడూ ఇదే అయితే నాకీ సెంటరొద్దు. తాళమేసేసి బెల్లం పాకకి పోతాను."

"నీ సిస్టమ్‌లకి నాది పూచీ" అన్నాను.

ఆ వారంలో మూడుసార్లు వెళ్లాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్న రకం కదా నేను, ర్యామ్ తప్ప అన్నీ అనుమానించాను. ఆట తీసేసి మళ్లీ ఎక్కించాను. నెట్‌వర్క్ వైర్లు మార్చాను. ఫ్యాన్‌ల దుమ్ము దులిపాను. వోల్టేజ్ తక్కువని కరెంటువాళ్లని తిట్టాను. కిటికీ వరసలో నేనొక్కణ్ని కూర్చుని ఆట ఆడి చూశాను. ఖాళీ మైదానంలో తిరిగాను, గోడల్ని కాల్చాను, బ్రహ్మాండంగా నడిచింది. మీలో తెలిసినవాళ్లు ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. మెమరీ ఎంతుందో చూడ్డానికి అర నిమిషం చాలు కదా అంటారు. నిజమే. కుర్రాళ్లు సెట్టింగులు చెడగొడతారని సెంటర్‌లో అవన్నీ తాళం వేసి దాచే సాఫ్ట్‌వేర్ ఉండేది, ఆ తాళం తీయడానికి నాకు బద్ధకం. అసలు కారణం బద్ధకం కూడా కాదు. నా చేత్తో గుచ్చిన స్టిక్‌ని నేనెందుకు లెక్కపెట్టాలి?

ఆదివారం ఉదయం నర్సీపట్నం జట్టు వచ్చింది. పదిహేను ఇరవై మంది చూడ్డానికి పోగయ్యారు. సెంటర్ ఆయన తెల్ల చొక్కా వేసుకొచ్చాడు, తీర్పుకి వచ్చినట్టు. మా ఓనర్ ఎందుకైనా మంచిదని ఆవిణ్ని కూడా నాతో పంపాడు. ముందు ఊరికే ఒక ఆట ఆడి చూడమన్నాం. మొదటి నిమిషం బాగానే ఉంది. అందరూ ఒకచోట చేరి కాల్పులు మొదలయ్యేసరికి కిటికీ వరసలో నాలుగు తెరలు అలాగే బిగుసుకుపోయాయి. వాళ్ల నాయకుడు మౌస్ వదిలేసి చేతులు కట్టుకున్నాడు. సెంటర్ ఆయన జేబులోంచి తాళంచెవి తీశాడు.

అప్పుడు ఆవిడ ముందుకొచ్చింది. నా దగ్గరికి కాదు, ఆ కుర్రాడి దగ్గరికి. పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"తమ్ముడూ, ఎప్పుడెప్పుడు ఆగుతందో సెప్పు. తొందరేటీ లేదు."

వారం రోజులుగా ఆ కుర్రాణ్ని ఎవరూ ఆ మాట అడగలేదు. నేను సామెత చెప్పాను గానీ ప్రశ్న అడగలేదు. అతను గుర్తు చేసుకుంటూ చెప్పాడు. "ఊరికే నడుత్తుంటే బానే ఉంటంది అక్కా. కొత్త గదిలోకి దూరినప్పుడు, లేపోతే అందరూ ఒకేసారి ఎదురయినప్పుడు స్ట్రక్ అవుతంది. అప్పుడు లోపల గరగరమంటంది."

"గరగరా?" ఆవిడ డబ్బా మీద అరచెయ్యి ఆనించింది. "మళ్లీ ఆడు, ఆ గదిలోకే దూరు."

అతను ఆడాడు. తెర ఆగింది. డబ్బా ముందున్న హార్డ్ డిస్క్ ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంది. ఆవిడ లేచి గోడ వైపు వరసలో మన ఊరి కుర్రాడి డబ్బా మీద కూడా అలాగే చెయ్యి పెట్టి చూసింది. అక్కడ లైటు మిణుకుమిణుకుమంటోంది. వెనక్కి వచ్చి నాతో అంది. "అటకెక్కి దిగుతంది మాస్టారూ, ఊరికూరికే." నా పాఠమే నాకు అప్పజెప్పింది.

తర్వాత ఆ సిస్టమ్‌ని ఆపి మళ్లీ ఆన్ చేసింది. షాపు పేరు, అమ్మవారు వచ్చారు. ఆవిడ ఒక్క క్షణం బొమ్మకి దండం పెట్టుకుని, ట్యాబ్ నొక్కింది. బొమ్మ తొలగి, నేను కళగా లేవని కప్పేసిన అంకెలు బయటపడ్డాయి. లక్షా తొంభై ఆరు వేల చిల్లర కేబీల దగ్గర ర్యామ్ లెక్క ఆగింది. గోడ వరసలో సిస్టమ్ ఆన్ చేసి అదే మీట నొక్కింది. నాలుగు లక్షల యాభై ఎనిమిది వేల చిల్లర. గదిలో లెక్కలు రానివాడు లేడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానని నాకు తెలిసిపోయింది. ఎందుకు జరిగిందో మాత్రం ఇంకా తెలియలేదు.

ఆవిడ మూత విప్పి రెండో స్టిక్ బయటికి లాగింది. కింద అంచున బంగారు రంగు గీతలుంటాయి, అవి సాకెట్‌కి తగిలితేనే ఆ స్టిక్ ఉన్నట్టు బోర్డుకి తెలుస్తుంది. ఆ గీతల మీద సన్నటి పొర ఎండి ఉంది. ఆవిడ గోటితో గీకి, వాసన చూసింది. చూడాల్సిన పని కూడా లేదు. లక్కలో పసుపు రంగు కలిపిన చేతులవి, పుష్కరం పాటు ఆ రంగు ఆ గోళ్లలోనే ఉంది.

"పసుపు" అంది.

"పసుపేటమ్మా లోపల? ఎవలెట్టేరు?" అన్నాడు సెంటర్ ఆయన.

ఆవిడ నా వైపు చూడలేదు. చూసి ఉంటే నాకు తేలికగా ఉండేది. స్టిక్ మీదే చూపు నిలిపి నెమ్మదిగా అంది. "పండగనాడు బిగించినవి కదన్నయ్యా. పూజలో అంటుకుంది. మా షాపు పొరపాటే, మీది ఏటీ లేదు."

అంతే. నేను నోరు మూసుకుని ఊరుకుంటే ఆ మాట అక్కడితో అయిపోయేది. ఊరుకుందామనే అనుకున్నాను కూడా, అబద్ధమెందుకు. ఇరవై మంది ముందు నా పేరు పోతుంది కదా. కానీ ఆవిడ ఆ రోజు వద్దన్నది, నేను నోరు మూయించాను. ఇవాళ నా తప్పుని నాతో పాటు మోస్తోంది, అదీ ఎవరూ అడక్కుండా. సిగ్గేసింది. ఆ సిగ్గే నాచేత మాట్లాడించింది.

"షాపు కాదు. నేనే పెట్టేను. ఆవిడొద్దంది, నేనినలేదు" అన్నాను. తర్వాత ఆ పొడుగు కుర్రాడి వైపు తిరిగాను. "మద్దెల ఓడే బాబూ. ఓడు చేసింది నేనే. నిన్ను నడిరోడ్డు మీద అన్న మాటకి తప్పు ఒప్పుకుంటన్నాను."

ఆ కుర్రాడు "పర్లేదండి" అని గొణిగాడు. సెంటర్ ఆయన తాళంచెవి తిరిగి జేబులో వేసుకుని కుర్చీలో కూలబడ్డాడు. కళ్లు తుడుచుకున్నాడు.

ఆవిడ సంచిలోంచి పెన్సిల్ రబ్బరు తీసింది. గీతల మీద పొర పోయేదాకా రుద్దింది. బొమ్మల కళ్లు దిద్దే సన్నటి కుంచెతో సాకెట్ లోపల దులిపింది. పదీ అలాగే విప్పి చూసింది. ఆ నాలుగే పాడయ్యాయి, పసుపు పలచబడ్డాక నేను హడావిడిగా అద్దితే గీతల మీదికి కారినవి. బిగించాక ఒక్కో సిస్టమ్ ఆన్ చేసి, అంకెల్ని నర్సీపట్నం కుర్రాడి చేత, మన ఊరి కుర్రాడి చేత కలిసి పైకి చదివించింది. పదిసార్లు ఒకే అంకె. తూకం వేసే ఇంట్లో పుట్టిన మనిషికి ఇంతకంటే ఏం కావాలి? ఎవరు ఎక్కడ కూర్చోవాలో చీటీలు వేసి తీయమన్నాడు.

నర్సీపట్నం గెలిచింది. చిన్నా చితకా కాదు, ఉతికి ఆరేసి గెలిచింది. సొంత ఊరి జట్టు ఓడిపోయినందుకు అంత సంబరపడ్డ మనిషిని నేను మళ్లీ చూడలేదు. సెంటర్ ఆయన మార్కెట్‌కి పరిగెత్తి బెల్లం తెచ్చి, ఓడినవాళ్లకీ గెలిచినవాళ్లకీ ముక్కలు కొట్టి పంచాడు. ఆ కుర్రాడు మొదటి ముక్క ఆవిడకి ఇచ్చాడు.

మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగి, నేను ఎక్కించిన ఆ బొమ్మను సిస్టమ్‌లన్నిటిలోంచీ తీసేశాను. అంకెలు కనబడనీ, కళ లేకపోతే పోనీ. కొన్నేళ్లకి ఆవిడ సొంతంగా షాపు పెట్టింది. నన్ను రమ్మని అడిగితే, ఎగిరి గంతేసి వెళ్లాను. పనిలో ఆవిడంతటి మనిషిని నేను చూడలేదని అప్పుడే చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను. మిగిలిన ఉద్యోగమంతా ఆవిడ దగ్గరే చేశాను. ప్రతి దసరాకీ పసుపు గిన్నె నా చేతికే ఇచ్చేది. పైన డబ్బాకి పెట్టేదాకా మాత్రం పక్కనే నిలబడి చూసేది.

నేను పని మానేసిన రోజున శాలువా కప్పుతారేమో అనుకున్నాను. ఆవిడ చిన్న పొట్లం చేతిలో పెట్టింది. విప్పితే, ఏటికొప్పాకలో చేయించిన కొయ్య మద్దెల. గుప్పిట్లో పడుతుంది, పసుపు రంగు లక్క వేసి ఉంది. నేను దాన్ని అటూ ఇటూ తిప్పుతుంటే ఆవిడే అంది.

"ఓడు కాదు మాస్టారూ. అన్నిపక్కలా సూసే ఇత్తన్నాను."